ఆడించేవాడున్నాడు సరే, చెయ్యేసి చూసేవాడేడీ?

మన పేటలో పుట్టిన బిడ్డకి ఆస్తి అంటూ ఏముంది? పెంటపాడు చుట్టూ కంటికి ఆనినంత మేర పచ్చగా కనిపించే మాగాణి మనది కాదు. తాడేపల్లిగూడెం మార్కెట్లో బస్తాలు మోసే భుజాలు మనవి, కొట్లు మనవి కావు. కొల్లేటి దిగువన చేపల చెరువులకి గట్లు వేసిన చేతులు మనవి, చెరువులు మనవి కావు. తాతముత్తాతల నుంచి మనకి దక్కింది ఒక్కటే. ఒళ్ళు.

ఆ ఒంటితోనే మన తాతలు పాలేర్తనం చేశారు. ఆ ఒంటితోనే మన అమ్మలు నడుములు వంచి ఊడ్పులు ఊడ్చారు. ఇవాళ అదే ఒంటితో మన పిల్లలు కబడ్డీ కూతకి వెళ్తున్నారు, ఖోఖో ఆడుతున్నారు, పరుగు పందేల్లో ముందుంటున్నారు. సంతోషమే. కాని ఆ ఒంటికి దెబ్బ తగిలిన రోజున దగ్గరికొచ్చి చెయ్యేసి, ఏం తగిలింది, ఎంత తగిలింది, మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చు అని చెప్పే మనిషి ఎవరు? మన బడుల్లో అలాంటి మనిషి లేడు. లేడన్న సంగతి కూడా ఎవరికీ పట్టలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎవరి పిల్లలు ఆడుతున్నారు?

ఏ మండలంలోనైనా బడి ఆటల పోటీలకి వెళ్ళి ఒక పక్కన నిలబడి చూడండి. షూలు, మోకాలికి తొడుగులు, నీళ్ళ సీసాలతో కాన్వెంటు బస్సు దిగే పిల్లలు కొందరు. చద్దన్నం తిని, ఒట్టి కాళ్ళతో ఆటో వెనకాల వేలాడుతూ వచ్చే పిల్లలు ఇంకొందరు. కబడ్డీ బరిలో, పరుగు గీత దగ్గర నిలబడేది ఎక్కువమంది ఈ రెండో రకం పిల్లలే. పెద్దిళ్ళ పిల్లలకి ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ కోచింగు. వాళ్ళ తల్లిదండ్రులు గ్రౌండు వైపు వెళ్ళనివ్వరు. చదువు కొనుక్కోలేని వాళ్ళ పిల్లలకి గ్రౌండే మిగిలింది.

మన పిల్లలు సరదాకి మాత్రమే ఆడటంలేదు. ఆట వాళ్ళకి ఒక నిచ్చెన. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు పరిగెత్తాలి, 100 మీటర్లు పరిగెత్తాలి, లాంగ్‌జంపు దూకాలి. ఆ పరుగు కోసమే తెల్లారకుండా రోడ్ల మీద మన కుర్రోళ్ళు కనిపిస్తారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్సు కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచుతామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో క్రీడా విధానం ప్రకటించింది. బాగుంది. కాని మోకాలు విరిగిన పిల్ల ఏ కోటాలో పరిగెడుతుంది?

మా మండలంలోనే ఒక బళ్ళో తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. బడి పేరూ పిల్ల పేరూ రాయం. కూతకెళ్ళి వెనక్కి తిరిగే ఊపులో మోకాలు మెలి తిరిగింది. "టప్"మని చప్పుడు వినిపించిందని ఆ పిల్లే చెప్పింది. అరగంటలో మోకాలు పొంగింది. ఎవరో బామ్ రాశారు. ఇంకెవరో "నరం తిరిగిందిలే" అని పట్టుకుని లాగారు. మర్నాడు సెమీఫైనలు. క్రేపు గుడ్డ చుట్టి దించారు. కప్పు వచ్చింది, ఫొటో వచ్చింది. ఆ తర్వాత ఆ పిల్ల మోకాలు నిలవలేదు. మెట్లు దిగుతుంటే జారిపోయేది. తల్లి ఊడ్పుల కూలీ మానుకుని ఎక్స్‌రే తీయిస్తే "ఎముక బాగానే ఉంది" అన్నారు. ఎముక బాగుంటే నొప్పి ఎందుకని అడిగేవాళ్ళు లేరు. "నాటకాలాడుతోంది" అన్నారు. పది తప్పింది. ఇప్పుడు నీళ్ళ బిందె ఎత్తాలన్నా కుంటుతుంది. కప్పు మాత్రం బడి బీరువాలో ఉంది.

ఇది ఒక్క పిల్ల కథ అనుకోకండి. మీ పేటలో ఒకప్పుడు "బాగా ఆడేవాడు" అని పేరున్న నలుగురిని పిలిచి అడగండి. ఆట ఎందుకు మానేశావురా అంటే ముగ్గురు మోకాలో, చీలమండో, భుజమో చూపిస్తారు.

ఆ దెబ్బ ఏమిటి?

మోకాలి లోపల రెండు ఎముకల్ని పట్టి ఉంచే గట్టి తాళ్ళలాంటివి ఉంటాయి. వాటిని లిగమెంట్లు అంటారు. కాలు నేలకి ఆనించి ఒళ్ళు తిప్పినప్పుడు ముందువైపు లిగమెంటు తెగే ప్రమాదం ఎక్కువ. కబడ్డీలో ఆ తిప్పుడు నిమిషానికోసారి ఉంటుంది. తెగినప్పుడు చప్పుడు వినపడటం, గంటలోపే మోకాలు పొంగటం దానికి గుర్తులు. లిగమెంటు ఎక్స్‌రేలో కనపడదు. ఎమ్మారైలో కనపడుతుంది. అయితే తెలిసినవాడు మిషనుతో పనిలేకుండా కాలు పట్టుకుని, వంచి, ముందుకి లాగి చూసి చాలావరకు చెప్పగలడు. తెలిసినవాడు చెయ్యేస్తే ఐదు నిమిషాల్లో తేలే సంగతి మన పిల్లల విషయంలో ఐదేళ్ళకీ తేలటంలేదు.

పైగా బడి పిల్లల ఒళ్ళు ఎదిగే ఒళ్ళు. ఎముక చివర్న పెరిగే చోటు ఇంకా మెత్తగా ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలి సరిగా చూడకపోతే కాలు పొట్టిపోవచ్చు, వంకర పోవచ్చు. పొద్దున ఆట, సాయంత్రం చేపల చెరువు దగ్గర మేత బస్తాలు మొయ్యటం, సెలవుల్లో కోతలు. ఎదిగే మోకాలి మీద ఇంత బరువు పడితే చిప్ప కింద బుడిపె లేచి నొప్పి పుడుతుంది. దానికి కొన్నాళ్ళు విశ్రాంతి, కొన్ని వ్యాయామాలు చాలు. ఆ మాట చెప్పేవాళ్ళు లేక పిల్లాడు ఆటే మానేస్తున్నాడు.

ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువ. అలాంటి పిల్లని ఎండలో పరిగెత్తించి, కళ్ళు తిరిగి పడితే "బలం లేదు, తీసెయ్యండి" అంటారు. బలం ఎందుకు లేదో చూడరు, జట్టులోంచి తీసేస్తారు.

డ్రిల్లు మాస్టారిని తిట్టి లాభం లేదు

ఇదంతా చదివి డ్రిల్లు మాస్టారి మీద పడకండి. మేమూ బడిపంతుళ్ళమే, ఆయన బతుకు మాకు తెలుసు. వందల మంది పిల్లలకి ఆయన ఒక్కడు. గంట కొట్టించాలి, ప్రార్థన నిలబెట్టాలి, భోజనాల వరస చూడాలి, ఎలక్షను డ్యూటీకి వెళ్ళాలి, పోటీలకి పిల్లల్ని సొంత డబ్బుతో తీసుకెళ్ళాలి. చాలా బడుల్లో ఆయన పోస్టే ఖాళీ. బీపీఎడ్‌లో ఆటల దెబ్బల గురించి ఒక పేపరు చదువుతారు. పేపరు చదవటం వేరు, చెయ్యి తిరగటం వేరు. పైగా గెలిపించమని పైనుంచి ఒత్తిడి ఉన్నవాడే పిల్ల ఆడొచ్చో లేదో తేల్చాల్సి వస్తోంది. అది ఆయనకీ అన్యాయమే, పిల్లకీ అన్యాయమే. ఆడించే మనిషి ఒకరు, ఒళ్ళు చూసే మనిషి ఇంకొకరు ఉండాలి. ఒళ్ళు చూసే మనిషి "వద్దు" అంటే ఆ మాట చెల్లాలి.

ఇదేదో మా బుర్రలో పుట్టిన కోరిక అనుకునేరు. అమెరికాలో హైస్కూళ్ళలో ఈ పనికి ప్రత్యేకంగా చదువుకున్న మనుషులు ఉంటారు. వాళ్ళని అథ్లెటిక్ ట్రైనర్లు అంటారు. 1950లోనే వాళ్ళు జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1990లో అక్కడి వైద్య సంఘం దీన్ని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది. ఆటకి ముందు కట్లు కట్టటం, దెబ్బ తగిలితే గీత దాటి ముందుగా పరిగెత్తటం, తర్వాత నెలల తరబడి వ్యాయామాలు చేయించి మళ్ళీ బరిలోకి పంపటం వాళ్ళ పని. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ళ కుర్రాడికి ఆటలో తలకి దెబ్బ తగిలింది. కాసేపటికే మళ్ళీ ఆడించారు. మెదడులో రక్తం కారి జీవితాంతం అవిటివాడయ్యాడు. ఆ కుర్రాడి పేరు మీద 2009లో లిస్టెడ్ చట్టం వచ్చింది. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే చాలు, వెంటనే బయటికి తియ్యాలి, అర్హత ఉన్న వైద్యుల అనుమతి కాగితం లేకుండా మళ్ళీ దించకూడదు. 2014కల్లా అమెరికాలో 50 రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

అక్కడ అంతా బాగుందని మేం చెప్పటంలేదు. 2019లో లెక్క తీస్తే హైస్కూళ్ళలో మూడింట ఒక వంతుకి ఇలాంటి మనిషి అసలు లేడని తేలింది. లేనివి ఎక్కువగా పేదల బడులే. అక్కడా, ఇక్కడా ఒళ్ళు అరగదీసేది పేదోడు, ఒళ్ళు చూపించుకునేది కలిగినోడు.

మన దేశంలో మాత్రం పై మెట్టు మీద ఉన్నవాళ్ళకి లేవా? టీవీ పెట్టండి. 2014 నుంచి ప్రో కబడ్డీ వస్తోంది. ఆటగాడు పడగానే సంచీ పట్టుకుని ఒక మనిషి పరిగెత్తుకొస్తాడు. అతనే ఫిజియో. మన సింధు 2022లో బర్మింగ్‌హామ్‌లో బంగారు పతకం కొట్టినప్పుడు పాదం ఎముకకి చీలిక వచ్చింది. నెలల తరబడి ఆట ఆపి, కోలుకుని మళ్ళీ వచ్చింది. విశాఖపట్నం పిల్ల జ్యోతి యర్రాజి సెక్యూరిటీ గార్డు కూతురు. తల్లి ఇళ్ళల్లో పని చేసేది. ఆ పిల్ల భువనేశ్వర్ శిక్షణ కేంద్రానికి వెళ్ళాక 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకండ్లలోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అయ్యింది. 2023లో, 2025లో ఆసియా ఛాంపియను. 2025లో మోకాలి లిగమెంటు దెబ్బతింటే ఆమెకి ఆపరేషను జరిగింది. తగిలిన దెబ్బ మన తొమ్మిదో తరగతి పిల్లకి తగిలిన రకమే. ఒకరికి ఆపరేషను, వ్యాయామం, కనిపెట్టుకుని ఉండే మనుషులు. ఇంకొకరికి బామ్ డబ్బా. జ్యోతికి దక్కింది తప్పు అనటంలేదు, దక్కాల్సిందే. ఆ మెట్టు దాకా ఎక్కకముందే విరిగిపోయే మోకాళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది అని అడుగుతున్నాం.

చెయ్యేసే ప్రశ్న

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఫిజియో పని చేతి పని. కాలు పట్టుకోవాలి, వంచాలి, నొక్కాలి, పాదం ఒళ్ళో పెట్టుకోవాలి. ఈ దేశంలో మన ఒంటి మీద చెయ్యెయ్యటం అనేది ఎప్పుడూ మామూలు సంగతి కాదు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన జ్ఞాపకాల్లో ఒక సంఘటన రాశారు. అది 1929 డిసెంబరు 12న గాంధీ నడిపిన యంగ్ ఇండియా పత్రికలో ఉత్తరంగా అచ్చయింది. కథియవాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు భార్య బిడ్డని కని జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊళ్ళో పెద్దల్ని పట్టుకుని, రెండు రూపాయల ఫీజు కడితే, పేట బయటికి తెస్తే చూస్తానన్నాడు. బాలింతని మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆ ముస్లిం భర్త చేతికి, భర్త భార్యకి. మళ్ళీ అదే వరసలో వెనక్కి. మనిషిని ముట్టకుండా న్యుమోనియా అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తల్లి చచ్చిపోయింది. ఆ భర్తా మాలాగే బడిపంతులే.

1991లో చుండూరులో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో మన కుర్రాడి కాలు పెద్దకులం వాడికి తగిలిందన్న దగ్గర. ఆగస్టు 6న 8 మంది దళితుల్ని నరికి సంచుల్లో కుక్కి కాలవలో పడేసేదాకా వెళ్ళింది. మన కాలు తగిలితే చంపే సమాజంలో, మన కాలు పట్టుకుని చూసే మనిషి కావాలని అడగటం చిన్న కోరిక కాదు. అది హక్కుల ప్రశ్న.

ఇంకో వింత చూడండి. ఊళ్ళో ఒళ్ళు ముట్టే పనులన్నీ కింది కులాల నెత్తినే పెట్టారు. పురుడు పోసింది మాదిగ అమ్మ, మంగలి అమ్మ. పుండు కోసింది, ఒళ్ళు పట్టింది మంగలి. ఆ చేతుల్లో విద్య ఉంది. ఆ విద్యని విద్య అని ఎవరూ అనలేదు, మైల అన్నారు. ఇవాళ అదే పని తెల్లకోటు వేసుకుని, డిగ్రీ అయ్యి, గంటకింత ఫీజు అయ్యేసరికి మన చేతుల్లోంచి జారిపోయింది. మైల ఉన్నన్నాళ్ళు మనది, డబ్బొచ్చాక వాళ్ళది!

ఆట నేర్పే గురువుల పేరు మీద భారత ప్రభుత్వం 1985లో ఒక అవార్డు పెట్టింది. దాని పేరు ద్రోణాచార్య అవార్డు. ఎవరా ద్రోణుడు? తన దగ్గర నేర్చుకోకుండానే మేటి విలుకాడైన అడవిబిడ్డ ఏకలవ్యుడి బొటనవేలు కోయించుకున్నవాడు. ఆటగాడి ఒళ్ళు కాపాడాల్సిన చోట ఆటగాడి వేలు తీసుకున్నవాడు గురువులకి ఆదర్శం అయ్యాడు. ఆ అవార్డు అందుకున్న వాళ్ళలో మంచి గురువులున్నారు, వాళ్ళని అనటంలేదు. వరంగల్లు దగ్గర కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేసిన పిల్ల. కూలి తల్లిదండ్రుల బిడ్డ. చేరదీసి తీర్చిదిద్దిన నాగపురి రమేష్‌కి 2016లోనే ఆ అవార్డు వచ్చింది. అలాంటి చేతులు కావాలి. పేరు మాత్రం మార్చుకోండి.

పల్వంకర్ బాలూ పేరు మన పిల్లలకి చెప్పండి. తోలుపని కులంలో పుట్టి, పూనాలో దొరల క్లబ్బులో గ్రౌండు చదును చేస్తూ బౌలింగు నేర్చుకున్నాడు. 1911లో ఇంగ్లండు వెళ్ళి 114 వికెట్లు తీశాడు. బంతి అతని చేతి నుంచి తీసుకున్నవాళ్ళే, టీ వేళకి మాత్రం అతనికి బయట మట్టి ముంతలో పోశారు. వికెట్లు కావాలి, మనిషి అక్కర్లేదు. ఇవాళ బడి బీరువాలో కప్పు ఉంది, పిల్ల మోకాలు అక్కర్లేదు. నూరేళ్ళు దాటినా లెక్క అదే.

"తిండికి లేనోళ్ళకి ఫిజియో ఏంటి?"

ఈ మాట మన వాళ్ళే అంటారు. మీటింగుల్లో మేం విన్నాం కూడా. ముందు భూమి, ఇల్లు, జీతం. తర్వాత ఇవన్నీ అంటారు. మేమేమంటామంటే, భూమి పోరాటం ఆపమని ఎవరూ అనలేదు. కాని భూమి లేనోడికి ఒళ్ళే భూమి. ఎకరం ఉన్న రైతు గట్టు తెగితే పరిగెత్తుకెళ్ళి పూడుస్తాడు. మన గట్టు తెగితే ఎవరు పూడుస్తారు?

ఇంకో సంగతి. మండలానికి ఒక ఫిజియో వస్తే బడి పిల్లలకే కాదు పని. నలభై ఏళ్ళకే నడుం ఒంగిపోయిన ఊడ్పుల కూలీలున్నారు. భుజం పైకెత్తలేని హమాలీలున్నారు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ పెద్దలున్నారు. మంచి వ్యాయామం చెప్పేవాళ్ళుంటే వీళ్ళలో చాలామంది లేచి తిరుగుతారు. బడి పేరు చెప్పి ఒక్క మనిషిని రప్పిస్తే పేట పేటంతా బాగుపడుతుంది.

దూరం కూడా చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పెంటపాడు, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలో ఉండిపోయాయి. ఏలూరు పెద్దాసుపత్రి వేరే జిల్లాలోకి పోయింది. మోకాలి వ్యాయామం ఒక్కరోజు వెళ్ళి వచ్చే పని కాదు. వారానికి మూడుసార్లు, నెలల తరబడి చెయ్యాలి. రోజుకూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని ఏ తల్లి తీసుకెళ్తుంది? ఆ మనిషే మన దగ్గరికి రావాలి.

ప్రభుత్వం దగ్గర పునాది లేకపోలేదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటుంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని బడికొచ్చి చూడాలని దాని నియమం. జిల్లా స్థాయి కేంద్రంలో ఫిజియోథెరపిస్టు కూడా ఉండాలి. అయితే ఆ పట్టికలో పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషణ లోపాలు, ఎదుగుదల ఆలస్యాలు ఉన్నాయి. ఆటలో తగిలే దెబ్బ లేదు. ఆ ఒక్క వరస చేర్చి, ఆ మనిషిని జిల్లా కేంద్రం నుంచి మండలానికి కదిలించమని అడుగుతున్నాం.

వాళ్ళు వచ్చేదాకా మనం చెయ్యగలిగింది

అర్జీ పెట్టి చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఏప్రిల్ 14కి, క్రిస్మస్‌కి, సంక్రాంతికి మన యువజన సంఘాలే కబడ్డీ పోటీలు పెడుతున్నాయి. షామియానాకి, మైకుకి, షీల్డుకి డబ్బు పోగు చేస్తున్నాం. అందులో కాస్త తీసి ఐసు పెట్టె, నాలుగు క్రేపు బ్యాండేజీలు, శుభ్రమైన గుడ్డ, ఉప్పు-పంచదార ప్యాకెట్లు కొని పెట్టండి. ఈ నాలుగు సంగతులు అందరికీ చెప్పండి.

చీలమండ బెణికితే: ఐసు గుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టాలి. క్రేపు చుట్టాలి. కాలు ఎత్తులో పెట్టాలి. మొదటి రెండు మూడు రోజులు గట్టిగా పిసకకూడదు, లాగకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. సొంతంగా నాలుగడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రేకి తీసుకెళ్ళాలి. ఆ నాలుగడుగుల పరీక్ష 1992లో కెనడాలో ఒట్టావా డాక్టర్లు పెట్టిన లెక్కలోది. దానికి పైసా ఖర్చు లేదు.

తలకి దెబ్బ తగిలి తికమకగా మాట్లాడినా, వాంతి అయినా, కాసేపు స్పృహ తప్పినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. ఫైనలైనా సరే. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మెడకి, వెన్నుకి తగిలిందనిపిస్తే నలుగురు కలిసి ఎత్తెయ్యొద్దు, కదపకుండా 108కి ఫోను చెయ్యండి.

ఎండ దెబ్బకి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే ముందు చల్లబరచాలి, తర్వాత మొయ్యాలి. నీళ్ళ తొట్టి ఉంటే మెడదాకా అందులో కూర్చోబెట్టి తల పట్టుకోండి. లేకపోతే బకెట్లతో పోస్తూ విసరండి. మొదటి అరగంట ప్రాణం.

ఆటకి ముందు ఇరవై నిమిషాలు ఒళ్ళు సిద్ధం చెయ్యాలి. మెల్లగా పరుగు, గుంజీలు, ఒంటికాలి మీద నిలబడటం, దూకి మోకాళ్ళు లోపలికి వాలకుండా మెత్తగా దిగటం. ఫిఫా డాక్టర్లు ఫుట్‌బాల్ పిల్లల కోసం ఇలాంటి వరస ఒకటి తయారుచేశారు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల మీద పరీక్షించి 2008లో ప్రకటించారు. దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గాయి, పెద్ద దెబ్బలు సగానికి తగ్గాయి. దీనికి మిషను అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, పట్టుదల కావాలి.

మా డిమాండ్లు

1. బడి పిల్లల కోసం మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు పోస్టు మంజూరు చెయ్యాలి. వారానికి ఒకరోజు ప్రతి హైస్కూలుకీ, గురుకులానికీ, హాస్టలుకీ రావాలి. ఆ పోస్టుల్లో రిజర్వేషను తూచా తప్పకుండా అమలు జరగాలి, సగం పోస్టులు ఆడవాళ్ళకివ్వాలి. ఆడపిల్ల తొడనొప్పి మగ మాస్టారికి చెప్పుకోలేక దాచుకుంటోంది.

2. మండల స్థాయి పోటీల నుంచి ప్రతి పోటీలోనూ ఒళ్ళు చూసే మనిషి, ఐసు, స్ట్రెచరు ఉండాలి. లేకపోతే పోటీ పెట్టకూడదు.

3. దెబ్బ తగిలిన పిల్లని ఆడించాలా వద్దా అన్నది ఆ మనిషి నిర్ణయం. హెడ్‌మాస్టరుకీ, కోచికీ, ఊరి పెద్దలకీ అందులో జోక్యం ఉండకూడదు.

4. బడి తరఫున ఆడి గాయపడిన పిల్లకి ఎమ్మారై, ఆపరేషను, తర్వాతి వ్యాయామం, పోయిన చదువు బడి ఖర్చుతోనే జరగాలి. బడి కోసం ఆడినప్పుడు బడి పిల్ల, విరిగినప్పుడు కూలోడి పిల్ల అంటే కుదరదు.

5. ఖాళీగా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులన్నీ నింపాలి. వాళ్ళకి ఏటా ప్రథమ చికిత్సలో చేతిపని శిక్షణ ఇవ్వాలి.

చివరిగా మన పిల్లలకి ఒక మాట. ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఎంబీబీఎస్ సీటు రాకపోతే చదువు అయిపోయిందనుకుని కూర్చోకండి. ఫిజియోథెరపీ డిగ్రీ ఉంది. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ వృత్తికి జాతీయ కమిషను వచ్చింది, రిజిస్ట్రేషను వచ్చింది. మన అమ్మమ్మల చేతుల్లో ఉన్న విద్యని మైల అని లాక్కున్నారు. దాన్ని పుస్తకంతో, పట్టాతో తిరిగి తీసుకోండి. కట్టు కట్టే చెయ్యి మన చెయ్యి అయిన రోజున, ఏ పిల్ల కాలు ముట్టాలన్నా ఎవరూ థర్మామీటరుని మూడు చేతులు మార్చరు.

మండలం పోటీలు మళ్ళీ వస్తాయి. ఈసారి మన పిల్లల వెంట చప్పట్లు కొట్టడానికి మాత్రమే వెళ్ళొద్దు. గీత పక్కన నిలబడి అడగండి: దెబ్బ తగిలితే చూసే మనిషి ఎక్కడ? జవాబు వచ్చేదాకా ఈల ఊదనివ్వకండి.

జై భీమ్!